భద్రమ్మ ఇంటి లెక్క

మా నాయనమ్మ భద్రమ్మకు దంతాలపల్లిలో నాలుగెకరాల పొలం, మూడు బర్రెలు, ఊరంతా తన ఇంటిమీదే కన్నేసిందన్న గట్టి నమ్మకం ఉన్నాయి. ఎవరైనా బర్రెలెన్నని అడిగితే "ఒక్కటుంది, అదీ పాలియ్యది" అంటుంది. మిగతా రెండూ ఆమె వెనకే నిలబడి నెమరేస్తుంటాయి. లెక్క బయటికి చెబితే దిష్టి తగులుతుందట. తన వయసు కూడా దాచి దాచి, ఇప్పుడు ఆమెకే తెలియకుండా పోయింది.

మా పెదనాన్న కూతురు స్వాతక్క జనగామలో ఒక సంస్థలో పనిచేస్తుంది. కుటుంబ వివరాలు జనమే ఫోన్‌లో చెప్పుకునేలా ఆన్‌లైన్ సర్వే తయారుచేస్తోంది. ముసలివాళ్లు కూడా తప్పు లేకుండా పూర్తి చేస్తారని సోమవారం చూపించాలి. లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకని ఆదివారం మా ఇంటికొచ్చి ఫోన్‌ను నాయనమ్మ చేతిలో పెట్టింది.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అంది ఫోన్.

నాయనమ్మ మూడు నొక్కింది.

"నలుగురు గద నాయినమ్మా? నువ్వు, శ్రీపాల్ చిన్నబాపు, చిన్నమ్మ, మిథున్‌గాడు" అంది స్వాతక్క.

"మిథున్‌గాన్ని చెప్ప. ఒక్కగానొక్క మనుమడు. గా ఫోన్ల ఎవలెవలు సూస్తరో."

ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నాకు దిష్టి పెట్టేంత తీరిక ఎవరికుందో మరి.

"నువ్వు చెప్పింది బయటికి పోదు నాయినమ్మా."

"పోనప్పుడు అడుగుడెందుకే?"

స్వాతక్క తల పట్టుకుంది. ఊళ్లో ప్రతి ముసలమ్మా ఒక మనుమణ్ణి దాచేస్తే సర్వే ఏం కావాలి?

అప్పుడే వంటింట్లోంచి అమ్మ, "అత్తమ్మా, బియ్యం ఎంత పొయ్యాలె?" అని అడిగింది.

"నాకింత, నీకు, శ్రీపాల్‌కు. మిథున్‌గానికి ఇద్దరి వంతు పొయ్యి."

స్వాతక్క వెంటనే పాత ప్రశ్న కొట్టేసి కొత్తది పెట్టింది: "ఈ రోజు ఎవరెవరికి వండుతున్నారు?" పేర్లు చెబితే చాలు, కూడుకోవడం ఫోన్ పని. నాయనమ్మ నన్ను కూడా కలిపి నలుగురి పేర్లూ గడగడా చెప్పేసింది. అన్నం దగ్గర మనిషిని వదిలేయడం ఆమె దృష్టిలో దిష్టికన్నా పెద్ద అరిష్టం. అక్క ముఖం వెలిగింది.

"ఇగ మా స్వాతికి."

"నేనీ ఇంట్ల ఉంటలేను గద నాయినమ్మా!"

"ఏందే? తినకుంట పోదామనా?"

లెక్క ఐదైంది. అక్క కింద ఇంకో ప్రశ్న చేర్చింది: "వీళ్లలో రోజూ ఇక్కడే పడుకునేది ఎవరు?" ఈసారి నలుగురే వచ్చారు.

సోమవారం ఆ రెండు ప్రశ్నలే సంస్థవాళ్లకు బాగా నచ్చాయి. పని అక్కకే మిగిలింది. ఇవెలా తట్టాయని అడిగితే, పల్లెల్లో బాగా తిరిగానని చెప్పిందట. తిరగడం నేను చూడలేదు. నాయనమ్మ వడ్డిస్తూనే ఉంటే అక్క పీట మీంచి లేవలేకపోవడం మాత్రం చూశాను.