గని గాలి తగలకూడదు

ధర్మవరంలో అడుగుపెట్టిన మనిషికి ఫ్యాక్టరీలు చూపించందే కుళ్ళాయప్పకు అన్నం సహించదు. ఇంట్లో మగ్గంతో మొదలుపెట్టి రామగిరి బంగారు గని, పెనుకొండ కార్ల ఫ్యాక్టరీ, దొరికిన మనిషికి ఓపికుంటే హిందూపురం మిల్లుల దాకా తన పాత వ్యాన్‌లో తిప్పుకొస్తాడు. పెదకర్మకు వచ్చిన చుట్టాలను కూడా వదల్లేదు.

"ఇంతదూరం వచ్చి చూడకుండా పోతే ఎట్లప్పా!" అంటాడు.

చిత్రమేమిటంటే, ఆయన చూపించేవి చాలావరకు కంటికి కనబడవు. గని మూతపడి ఏళ్లయింది. ముళ్లకంప మధ్య జనాన్ని నిలబెట్టి నేలకేసి వేలు చూపిస్తాడు.

"దీని కిందంతా బంగారమే ఉండాది."

"యాడన్నా?"

"కిందప్పా, కింద!"

కార్ల ఫ్యాక్టరీలోకి ఆయన్ను రానిచ్చేవాళ్లు లేరు. అందుకని గోడ చూపిస్తాడు. "దీని వెనకాల కార్లు పుడతాండాయి" అని, పురిటిగది బయట నిలబడ్డ తండ్రిలా మురిసిపోతాడు.

ఆ గోడ వెనకాలే ఆయన అన్న కూతురు మాధవీలతకు ఉద్యోగం. కారు తలుపులు బిగించే పని. ఆమెకు ఈ చిన్నాయనంటే ప్రాణమే కానీ, కొత్తవాళ్ల ముందు మాత్రం భయం. ఇప్పుడు అగళి నుంచి సంబంధం వచ్చింది. పెళ్లయ్యాక కోడలు పనికి పోనక్కర్లేదని అబ్బాయి తల్లి ఫోన్‌లోనే తేల్చేసింది. ఉద్యోగం మానడం మాధవీలతకు బొత్తిగా ఇష్టం లేదు. ఆ మాట అబ్బాయితో నేరుగా చెప్పాలని ఉంది. కానీ వాళ్లిళ్లలో పెళ్లిచూపులంటే పెద్దలు మాట్లాడతారు, పిల్ల కాఫీ ఇస్తుంది, అంతే.

ఆదివారం పొద్దున అగళి వాళ్లొచ్చారు. కాఫీ గ్లాసులు కింద పెట్టకముందే వీధిలో వ్యాన్ హారన్ మోగింది. 'ఇప్పుడేనా చిన్నాయనా!' అనుకుంది మాధవీలత.

"లెయ్యండప్పా, లెయ్యండి! చూడకుండా పోతే ఎట్ల?" అంటూ చిన్నాయన వియ్యాలవారిని, తన అన్నావదినలను కలిపి వ్యాన్ ఎక్కించాడు. అబ్బాయి గిరిధర్ కూడా వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టాడు.

"నువ్వు దిగు నాయనా. పెండ్లికొడుక్కు గని గాలి తగలగూడదు. మా పక్క ఆచారం."

ఆచారం అనేసరికి తల్లే కొడుకును కిందికి దింపేసింది. ఇంట్లో మిగిలింది ఆ ఇద్దరూ, మగ్గం పక్కన కునికిపాట్లు పడుతున్న అవ్వ.

మాధవీలత ధైర్యం కూడగట్టుకుని ఒక్క గుక్కలో అనేసింది. "నేను పని మానను."

"మానొద్దు. పెనుకొండలోనే ఇల్లు చూసుకుందాం," అన్నాడు గిరిధర్. "కానీ మా అమ్మకు చెప్పల్లంటేనే నాకు భయం."

మధ్యాహ్నానికి వ్యాన్ తిరిగొచ్చింది. దిగీ దిగగానే అబ్బాయి తల్లి వచ్చి మాధవీలత చేయి పట్టుకుంది.

"ఎంత దొడ్డ గోడమ్మా! దాని లోపల కార్లు చేసేది నువ్వేనంట కదా! మీ చిన్నాయన చెప్తాంటే నాకు నోట మాట రాలేదు. అట్లాంటి పని యాలమ్మా మానేది? మా ఊర్లో అందరికీ చెప్పుకోవద్దా?"

గిరిధర్ మాధవీలత వైపు చూసి నవ్వాడు.

అందరూ భోజనాలకు కూర్చున్నాక మాధవీలత చిన్నాయన దగ్గరికి చేరింది. పట్టరాని సంతోషంలో ఆమెకు నవ్వు ఆగడం లేదు.

"చిన్నాయనా, ఆ గని గాలి ఆచారం ఎప్పట్నుంచి ఉండాది మనకు?"

కుళ్ళాయప్ప వ్యాన్ తలుపు వేస్తూ కాసేపు లెక్క చూసుకున్నాడు.

"ఈ పొద్దు పది గంటల్నుంచమ్మా."