కళ్లద్దాలక్క ఉతుకుడు

కళ్లద్దాల షాపు నడుపుతుంది కాబట్టి, షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలందరికీ ఆవిడ కళ్లద్దాలక్క. పగలంతా వచ్చినవాళ్ల కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడం ఆవిడ పని. షట్టరు దించాక కూడా దాదాపు అదే పని. కాకపోతే అప్పుడు అద్దాల బదులు షాట్లు.

ఏటా నాలుగు సాయంత్రాలు ఆవిడ నడిపే ఫెస్టివల్‌లో బహుమతుల్లేవు, కప్పుల్లేవు. ఉన్నదల్లా ఉతుకుడు. సినిమా అయిపోగానే లైట్లు వేస్తారు. తీసినవాళ్లు ముందుకొచ్చి నిలబడాలి. చూసినవాళ్లు ఏది బాగాలేదో మొహం మీదే చెప్పాలి. "బాగున్నవి చెప్పుకోడానికి ఇంటికెళ్లే దారి ఉందిగా" అనేది అక్క.

ఉతికి ఆరేయడంలో లెక్కల మాస్టారి తర్వాతే ఎవరైనా. ఓసారి ఆ పిల్లల్లో అందరూ పొడుగోడు అని పిలిచే కుర్రాడు తీసిన సినిమా చూసి, "మీ హీరో కంటే వెనకాలున్న కుర్చీ బాగా చేసిందబ్బాయ్" అనేశాడు. పొడుగోడు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మరుసటేడు ఒక్క కుర్చీ తప్ప ఎవరూ లేని సినిమా తీసుకొచ్చి మాస్టారి ముందు పెట్టాడు. ఆ ఫెస్టివల్ అంటే అదీ.

తర్వాత యుద్ధం వచ్చింది. ఫర్నిచర్ షాపు పైన వాళ్లు సినిమాలు వేసుకునే హాలుకి అన్నీ గాజు కిటికీలే కావడంతో తాళం వేసేశారు. పిల్లలు తలోదిక్కయ్యారు. కొందరు సైన్యంలోకి, కొందరు అంబులెన్సుల మీదకి, కొందరు ఎక్కడెక్కడి చుట్టాల ఇళ్లకో. ఆ ఏడాది ఫెస్టివల్ లేదు. అయినా అక్క చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తన మైకు ఒకడికి, బ్యాటరీలు ఇంకొకడికి బస్సు డ్రైవర్ల చేతికిచ్చి పంపింది. వాళ్లు పంపిన మెమరీ కార్డుల్ని కళ్లద్దాల డబ్బాల్లో పెట్టి దాచింది. వాళ్లు తీసింది ఫోన్లో చూసి, ఏ షాటు తీసేయాలో గంటలు గంటలు చెప్పింది.

రెండో ఏడు పిల్లలే అడిగారు. "అక్కా, ఈసారి పెడదామా?"

అక్క మరిదికి ప్రింటింగ్ ప్రెస్సుంది. దాని సెల్లారు గోడలు మందం. కాగితం కట్టలే కుర్చీలు. కరెంటు పోతే జనరేటరు.

"వదినా, మీవాళ్లు కూర్చునే కట్టల మీదే రేపు నేను టెక్స్ట్ బుక్కులు వేయాలి. ప్యాంట్లు దులుపుకుని కూర్చోమను."

"నీ పుస్తకాల్లో ఉన్న దుమ్ము కంటే వాళ్ల ప్యాంట్లే శుభ్రం మరిదీ, భయపడకు" అంది అక్క.

జనం వచ్చారు. మెట్ల మీద కూడా కూర్చున్నారు. మొదటి సాయంత్రం ఒక నర్సు పిల్ల ఆస్పత్రి వార్డులో తీసిన సినిమా వేశారు. లైట్లు వెలిగాయి. ఆ అమ్మాయి భయపడుతూ ముందుకొచ్చి నిలబడింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కళ్లు తుడుచుకున్నారు. అంతే. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. రెండో సాయంత్రమూ అదే తంతు. అక్కకి లోపల ఏదో కాస్త గుచ్చుకుంది గానీ, వార్డులోంచి వచ్చిన పిల్లని పట్టుకుని నీ కెమెరా వణుకుతోందని ఏ నోటితో అంటాం అని సర్దిచెప్పుకుంది.

మూడో సాయంత్రం పొడుగోడు దిగాడు. సెలవు దొరికిందట. రెండు బస్సులు, ఒక లారీ మారి వచ్చాడు. ఒంటి మీద యూనిఫాం, అదే వంగిన నడక. జుట్టు మాత్రం ఎవరో చీకట్లో కత్తిరించినట్టుంది.

"ఏంట్రా ఆ తల?" అని మెట్ల మీంచి ఎవరో అడిగారు.

"సినిమా చూడు, తెలుస్తుంది."

వాడి సినిమా సైన్యంలో వాడి యూనిట్‌లో ఉన్న ఒక వెల్డరు గురించి. కటింగు రాకపోయినా యూనిట్ మొత్తానికి జుట్టు కత్తిరించేది అతనే. ఎవరొచ్చినా ఒకటే కటింగు. అధికారికైనా అదే, వంటవాడికైనా అదే. కూర్చున్నవాళ్లు అద్దం అడిగితే ఇవ్వడు. సెల్లారంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఉన్నట్టుండి సంగీతం మారింది. సూర్యుడు అస్తమిస్తున్నాడు. గాలికి జెండా మెల్లగా ఊగుతోంది. ఎవరో గంభీరమైన గొంతుతో మాతృభూమి గురించి చెబుతున్నారు. అయిపోయింది.

అందరూ లేచారు. చప్పట్లు ఆగలేదు. పొడుగోడు ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఊ, కానివ్వండి. ఎవరు మొదలుపెడతారు?"

ఎవరూ మొదలుపెట్టలేదు.

"మాస్టారూ?"

లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నువ్వు క్షేమంగా వచ్చావు నాయనా. మాకదే చాలు."

మళ్లీ చప్పట్లు. పొడుగోడి మొహం మాడిపోయింది. గబగబా మెట్లెక్కి వీధిలోకి వెళ్లిపోయాడు. అక్క వెనకాలే పరిగెత్తింది.

వాడు షట్టరుకి ఆనుకుని నిలబడ్డాడు. "నాయనా అన్నాడు. ఎప్పుడైనా అన్నాడా ఆయన నన్ను నాయనా అని?"

"ప్రేమతోనే అన్నాడ్రా."

"నువ్వూ అంతే. ఈ సినిమా పంపిస్తే 'బాగుంది' అని మెసేజ్ పెట్టావు. ఇన్నేళ్లలో నీ నోట ఆ మాట విన్నానా నేను? ఏదో తేడా ఉందనే ఇంత దూరం వచ్చాను. మీరంతా నేను పోయాక మాట్లాడాల్సిన మాటలు ఇప్పుడే మాట్లాడుతున్నారక్కా. ఇక నేను తీయను. ఎవరి కోసం తీయాలి?"

నిజమే. చివరి ముక్క బాగాలేదని మొదటిసారి చూసినప్పుడే అక్కకి తెలుసు. కానీ వాడు ఎక్కడ కూర్చుని పంపాడో తలుచుకుని, 'బాగుంది' అని కొట్టి ఫోను పక్కన పెట్టేసింది. కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాననుకుంది. వాడికి మాత్రం అది తలుపు మూసినట్టయింది.

"కిందకి రా" అంది.

"ఎందుకు?"

"రమ్మన్నానా!"

మెట్లు దిగి, ఇంటికి బయల్దేరుతున్నవాళ్లని కూర్చోమంది. మరిది చేత చివరి ముక్క మళ్లీ వేయించింది. లైట్లు వెలిగాక తనే లేచి నిలబడింది.

"ఈ ముక్క నీది కాదు. ఇది ఎవరైనా తీస్తారు. ఆ గొంతు ఎవరిది?"

"రేడియోలో చెప్పే ఆయనది."

"మరి ఆయన్నే తీసుకోమను సినిమా."

ఒకావిడ "అయ్యో, పాపం" అంది. పొడుగోడి చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కడ ఎలా ఉంటుందో నీకేం తెలుసక్కా? షాపులో కూర్చుని ఫ్రేములు తుడుచుకునేదానివి నువ్వు!"

"తెలీదు. అందుకేగా కూర్చుని చూస్తోంది! వెల్డరు ఉన్నంతసేపూ నాకు తెలిసింది. ఆ తర్వాత నువ్వు జెండా వెనకాల దాక్కున్నావు. అక్కడ నిజంగా ఏం జరిగింది?"

వాడు తల గోక్కున్నాడు.

"నా కటింగు వంతొచ్చింది. ఫోను కిటికీలో పెట్టి కూర్చున్నా. వాడు తల మీద చెయ్యి పెట్టగానే... ఎందుకో ఏడుపొచ్చేసింది. ఎంతకీ ఆగలేదు. వాడు కంగారుపడి, 'ఒరేయ్, అంత ఘోరంగా వచ్చిందా కటింగు?' అని మొదటిసారి అద్దం తెచ్చిచ్చాడు."

"అదంతా తీశావా?"

"ఫోన్లో ఉంది. పెట్టడానికి సిగ్గేసింది."

లెక్కల మాస్టారు కాగితం కట్ట మీంచి ఒక్క ఉదుటున లేచాడు. "ఏమయ్యా, బంగారం లాంటి ముక్క జేబులో పెట్టుకుని మాకు సూర్యాస్తమయం చూపిస్తావా? క్యాలెండర్లు అమ్ముకునేవాడివా నువ్వు?"

ముందు పొడుగోడే నవ్వాడు. ఆ తర్వాత ఇక ఆపేవాళ్లు లేరు. సంగీతం చెవులు కోసేస్తోందని ఒకరు, టైటిల్ పొడుగైందని ఇంకొకరు. వాడు ప్రతిదానికీ ఎదురు వాదించాడు. టైటిల్ దగ్గర మరిదితో కొట్టుకునేంత పనైంది. చివర్లో ఎవరో చెయ్యెత్తారు. నర్సు పిల్ల.

"మరి నాది? మొన్న నన్నెవరూ ఏమీ అనలేదు."

"కెమెరా అంత వణుకుతుంటే ఏం చూడమంటావమ్మా?" అన్నాడు మాస్టారు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ప్రెస్సులో పేజీలు దిద్దే కంప్యూటరు ముందు అక్కా పొడుగోడూ కూర్చున్నారు. "నా టెక్స్ట్ బుక్కులు!" అని మరిది చుట్టూ తిరుగుతూ, మధ్యలో తనూ సలహాలిచ్చాడు. జెండా పోయింది, రేడియో గొంతు పోయింది, వాడి కటింగు వచ్చి చేరింది. మధ్యాహ్నం బస్సెక్కాక కూడా వాడు ఒక షాటు కోసం కిటికీలోంచి పోట్లాడుతూనే ఉన్నాడు.

ఆఖరి సాయంత్రం ఆ సినిమా మళ్లీ వేశారు. అద్దం తెచ్చిచ్చేచోట సెల్లారు సగం నవ్వింది, సగం ముక్కు చీదింది. లైట్లు వెలిగాయి. ముందు నిలబడాల్సినవాడు లేడు. అక్క ఫోన్లో రికార్డింగ్ నొక్కి మాస్టారి ముందు పెట్టింది.

"మధ్యలో కుక్క పరిగెత్తే షాటెందుకు? కుక్క బాగుంది గనక పెట్టావు. అలా అయితే మా ఇంట్లోనూ ఉంది ఒకటి" అని మొదలుపెట్టి, ఆయన ఊపిరి తీసుకోకుండా ఉతికాడు. తర్వాత ఫోను చేతులు మారుతూ మెట్ల దాకా వెళ్లింది. అదంతా అక్క పొడుగోడికి పంపింది.

జవాబు వెంటనే రాలేదు. ఆవిడ షాపులో ఒకరి కంటికి అద్దం మారుస్తుండగా ఫోను మోగింది. "ఇప్పుడే వస్తానండీ" అని పక్కకెళ్లి చెవి దగ్గర పెట్టుకుంది.

"కుక్క విషయంలో ఒప్పుకోనని మాస్టారికి చెప్పక్కా. ఆ కుక్క లేకపోతే వెల్డరు ఎందుకు నవ్వాడో అర్థం కాదు. వచ్చాక తేల్చుకుంటా ఆయనతో. అన్నట్టు, కొత్తది మొదలుపెట్టా. వంటవాడి మీద. మైకు పనిచేయట్లేదు, బస్సులో ఇంకోటి పంపు."