మూడో మెట్టు

వరిగడ్డిలో మాగిన మామిడిపండ్ల వాసన వస్తే నాకు సిఫారసు ఉత్తరాలు గుర్తుకొస్తాయి. నవ్వకండి. నిన్న సూళ్లూరుపేట నుంచి మా అక్క ఒక బుట్ట తెచ్చి వంటింట్లో దించిందో లేదో, నేను నలభైల నాటి తిరుపతిలో మా ఇంటి తిన్నె మీద ఉన్నాను. ఎండలు ముదిరి, గంగమ్మ జాతర వేషాలు వీధుల్లో తిరుగుతూ, అవ్వ కాచిన అంబలి చట్టిలో చల్లారుతుండే ఆ రోజుల్లోనే, పిల్లల చదువులకనీ ఉద్యోగాలకనీ జనం మా నాయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన హైస్కూలు హెడ్మాస్టరు. ఎవరు పండ్లబుట్ట తెచ్చినా తిన్నె ఎక్కనిచ్చేవాడు కాదు గనక, ఆ వాసన వీధిలోనే నిలబడి మమ్మల్ని ఏడిపించేది.

సాయంత్రాలు అదే తిన్నె మీద పెద్ద తరగతి పిల్లలకు ఇంగ్లీషులో సిఫారసు చేసే పద్ధతి నేర్పేవాడు. దానికి మూడు మెట్లట. ‘మే బి కన్సిడర్డ్’ అంటే తలుపు తట్టడం. ‘ఐ రెకమెండ్ దట్ షి బి అడ్మిటెడ్’ అంటే లోపలికి రమ్మనడం. అందులో ‘స్ట్రాంగ్లీ’ చేరిస్తే చెయ్యి పట్టి తీసుకెళ్లి పీట మీద కూర్చోబెట్టడం. వాళ్లు వల్లిస్తుంటే, గడప లోపల అచ్చనగాయలాడే మేము రాయి ఎగరేసినప్పుడల్లా అదే పాట పాడేవాళ్లం. అందరికంటే ముందు నోటికి వచ్చింది అక్కకే.

అక్కకు పంతులమ్మ కావాలని ఒకటే పట్టు. వీధి పిల్లల్ని పట్టుకొచ్చి, బొగ్గుముక్కతో గోడ మీద అక్షరాలు దిద్దించి, అమ్మ చేత తిట్లు తినేది. చిత్తూరు ట్రైనింగు స్కూల్లో చేరడానికి హెడ్మాస్టరు సిఫారసు కావాలన్నారు. నాయన రాసి, అలవాటుగా పైకి చదివాడు. మొదటి మెట్టు. తలుపు తట్టడం.

అవ్వకు ఇంగ్లీషు రాదు గానీ, మెట్లు తెలుసు. "ఏంరా, ఊరోళ్ల బిడ్డలనంతా పీట మింద కూసోబెడితివే, మన పాపను వాకిట్లోనే నిలబెట్టినావే!"

"సొంత బిడ్డను నేనే పొగిడితే నలుగురూ నవ్వరా అమ్మా? తండ్రిని గదా, తగ్గించి రాసినానని సదివేవాళ్లకు తెలీదా?"

తెలియలేదు. ఎలా తెలుస్తుంది? చదివేవాడు చిత్తూరులో కూర్చున్న ఎవరో దొరగారు. ఆ ఏడు సీటు దొరికింది ఎదురింటి కాంపౌండరు కూతురికి. ఆమెకు మూడో మెట్టు రాసినవాడు మా నాయనే. నాయన కాళ్లకు దండం పెట్టడానికి ఆ పిల్ల వస్తే, పసుపు కుంకుమ ఇచ్చింది మా అక్కే.

మరుసటేడు అక్కకు పెళ్లయిపోయింది. నా వంతు వచ్చేసరికి నాయన రిటైరయ్యాడు. ముక్కూ మొహం తెలియని కొత్త హెడ్మాస్టరు నాకు ధారాళంగా ‘స్ట్రాంగ్లీ’ రాసిపెట్టాడు. పరాయివాడు రాశాడు గనక నేను చదివాను, నాయన రాశాడు గనక అక్క చదవలేదు. అదే కొడుకుంటే, వాడి ఉత్తరంలో ఆయన ఇంత వినయం చూపించేవాడా అని నేనడిగితే అక్కకు కోపం. చదువు పోయిన తనే నాయన్ను ఏమీ అననప్పుడు, అనే హక్కు నాకు మాత్రం ఎక్కడిదంటుంది.

నిన్న అక్క వచ్చిందీ సిఫారసు కోసమే, తన కూతురికి. నేనిప్పుడు కాలేజీ ప్రిన్సిపాలును. బుట్టను వీధిలో నిలబెట్టలేదు, ఉత్తరంలో మాట తగ్గించనూ లేదు. అక్క కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో వరస వరసా చదివి, ఒక మాట దగ్గర ఆగింది.

"నలుగురూ నవ్వరామే?"

"నవ్వనీక్కా."

"ఈ మాట ఊరంతటికీ మనింట్లోనే పుట్టేది," అంది కాగితం మడుస్తూ. "నాకు రాసేటప్పుడు నాయన ఈ మాట దగ్గర కలం ఆపినాడు, సూసినావా? నేను సూసినా."

తిన్నె ఉన్నచోట ఇప్పుడు సైకిలు షాపు. మెట్లు నేర్పేవాళ్లు లేరు. అచ్చయిన కాగితాల మీద అందరికీ అన్నీ ‘స్ట్రాంగ్లీ’యే. నేను కత్తిపీట ముందేసుకుని, అక్క తెచ్చిన పండు కోస్తూ కూర్చున్నాను.