సరోజిని సిస్టరు నా చెవుల్లో పెట్టిన పాట

మొన్న మా మరదల్ని నెలల చెకప్‌కి పలాస తీసుకెళ్ళాను. కొత్తగా కట్టిన ఆస్పత్రి, ఏసీ గది, నీలం కర్టెను. ఆ కర్టెను వెనకనుంచి ఒక్కసారిగా ఆ చప్పుడు వచ్చింది. టకటకటకటక, తారురోడ్డు మీద గుర్రబ్బండి పరిగెత్తుతున్నట్టు. కడుపుకి బెల్టులు కట్టి, లోపలున్న బిడ్డ గుండెను బయటివాళ్ళకి వినిపించే మిషను అది. బయట బల్ల మీద కూర్చున్న నా కుడికాలు దానంతట అదే కదలడం మొదలుపెట్టింది. పక్కనున్న ముసలావిడ చూసి, "ఏటమ్మా, తిమ్మిరెక్కిందా?" అంది. "లేదప్పా, డ్యూటీ ఎక్కింది," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. అర్థం కావాలంటే టెక్కలి నర్సింగ్‌హోములో పనిచేసిన సరోజిని సిస్టరు గురించి చెప్పాలి. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా గురించి కాస్త చెప్పుకోవాలి. అదేమీ కష్టం కాదు, చదువుకున్న రోజుల్లోనూ నాకు బాగా వచ్చిన సబ్జెక్టు అదొక్కటే.

ఆరో తరగతి సగంలో బడికి దండం పెట్టేశాను. అప్పటినుంచీ జీడిపప్పు ఫ్యాక్టరీయే. నా పని కటింగ్ మిషను దగ్గర. ఎడమచేత్తో జీడిపిక్కను రెండు బ్లేడుల మధ్య పెట్టి, కుడికాలితో పెడలు తొక్కితే పెంకు రెండు చెక్కలవుతుంది. పొద్దున్న కాలు పెడితే సాయంత్రం దాకా తొక్కుడే. కాలు పెడలు మీద ఉంటే నోరు ఖాళీ కదా, దానికి కూడా పని చెప్పేదాన్ని. మేస్త్రీ మీసం మీద, గుమస్తా గొడుగు మీద, మా ఆయన తులసయ్య నడక మీద నేను వేసిన జోకులు షెడ్డు దాటి పూండి దాకా వెళ్ళేవి. పూండి దగ్గరే మా అత్తవారి ఊరు కాబట్టి, అవి నాకంటే ముందే ఇంటికి చేరేవి.

పెళ్ళయిన రెండో ఏడు కడుపొచ్చింది. ఎనిమిదో నెలలో ఒకరోజు ఇలాంటి మిషనునే నా కడుపు మీద పెట్టారు. ఎంతసేపు వెతికినా చప్పుడు రాలేదు. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

మళ్ళీ కడుపు నిలిచేసరికి రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఈసారి తులసయ్య నన్ను టెక్కలి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ విశాఖపట్నం నుంచి ఒక పాత మిషను కొని తెచ్చిందని పేరు. ఏడో నెలనుంచి వారం వారం రమ్మంది. నా గొడవంతా ఆ మంచం ఎక్కాకే. ఫ్యాక్టరీ పక్కనున్న ఆర్.ఎం.పి. చూస్తే బీపీ మామూలుగా ఉండేది. ఆ మంచం ఎక్కి, బెల్టు బిగించి, మిషను మీట నొక్కేలోపు పెరిగిపోయేది. డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది: ఇలాగే ఉంటే ఆగలేం, విశాఖపట్నం పంపి నెలలు నిండకుండానే బిడ్డను తియ్యాలి, అంత చిన్న బిడ్డ నిలబడుతుందో లేదో చెప్పలేం. చెప్పి, "భయపడకు" అంది. మా అత్త భయపడకు అంది. బస్సు కండక్టరు కూడా, "భయపడకమ్మా, మెల్లగా దిగు" అన్నాడు. అందరూ అంతగా చెప్తుంటే ఇందులో భయపడాల్సింది ఏదో పెద్దదే ఉండి ఉంటుందని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

సరోజిని సిస్టరు మాత్రం ఆ మాట అనలేదు. నల్లగా, పొట్టిగా, బిగించి కట్టిన ముడితో ఉండేది. ఉద్దానం ఒడ్డున చేపలవేట చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి. మొదటిరోజు ఆవిడ నా కడుపుకి బెల్టు కడుతుంటే, "ఇదేటి సిస్టరూ, బస్తాకి కట్టినట్టు కట్టేత్తన్నారు, నన్నేటి లారీ ఎక్కిత్తారా?" అన్నాను. పక్క మంచాలమీద వాళ్ళు పడీపడీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బీపీ చూసి, "నూట యాభై. ఇంకోటెయ్యి" అంది.

"ఏటి వెయ్యాలి?"

"జోకు."

వేశాను. మిషను మీదో, మా అత్తమీదో, గుర్తులేదు. మళ్ళీ నవ్వులు. ఆవిడ మళ్ళీ గాలి కొట్టి చూసింది. "నూట యాభై ఆరు. జోకుకి ఆరు సొప్పున పెరుగుతంది. నీ నోరు నవ్వుతంది గాని, నీ రగతం ఏడుత్తంది ఈశ్వరీ."

నాలుగేళ్ళు కాపురం చేసిన తులసయ్యకి తెలియని సంగతి, మా అమ్మకి తెలియని సంగతి, నాకే సరిగ్గా తెలియని సంగతి ఆవిడ పది నిమిషాల్లో రబ్బరు బుడగ నొక్కి పట్టేసింది. అసలు బీపీ పెరిగేది జోకులవల్ల కాదని, బెల్టు కాస్త జారి చప్పుడు ఆగినప్పుడల్లా నా ఊపిరి ఆగిపోతోందని కూడా గమనించింది. "ఆ సప్పుడు ఇనడం నీ పని కాదు. నా పని. నీ సెవులు నాకిచ్చీ" అంది.

మరుసటి వారం వెళ్ళేసరికి ఆవిడ దగ్గర ఒక వాక్‌మన్ ఉంది. వేటకి గుజరాత్ వలస వెళ్ళిన తమ్ముడు తెచ్చి ఇచ్చాడట. కళ్ళు మూసుకోమని, చెవులకి స్పాంజి బిళ్ళలు పెట్టి మీట నొక్కింది. సముద్రం! వాళ్ళ ఊరి ఒడ్డున తానే నిలబడి టేపులో పట్టిన సముద్రం. కెరటం రావడం, విరగడం, ఇసకలోకి ఇంకడం. ఎంతో హాయిగా ఉంది అని రాయాలని నాకూ ఉంది. నిజమేమిటంటే, ఏడో నెల కడుపుతో పడుకున్న ఆడదానికి నీళ్ళ చప్పుడు వినిపిస్తే ఏమవుతుందో ఆవిడ ఆలోచించలేదు. రెండు నిమిషాలకే చెయ్యెత్తాను. "సిస్టరూ, మీ సముద్రం బాగుంది గాని, నాకు బేగి బాత్రూమ్‌కెళ్ళాల." బెల్టులన్నీ విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ సముద్రం పెట్టి, మళ్ళీ విప్పేసరికి డాక్టరమ్మ వచ్చి, ఇక్కడేం జరుగుతోందని అడిగింది. "సిస్టరుకి నామీద కోపం లేదండి, ఆ సముద్రానికే" అన్నాను.

ఆరోజు పని అయ్యాక సిస్టరు నా పక్కన కూర్చుని తన చిన్నతనం సంగతి చెప్పింది. తెప్పమీద మొదటిసారి వాళ్ళ నాన్నతో లోపలికి వెళ్ళినప్పుడు కెరటాలు చూసి ఏడుపు మొదలుపెట్టిందట. ఆయన ఓదార్చలేదట, పని చెప్పాడట. "మా అయ్య ఏటన్నాడో తెలుసునా? కెరటం వైపు సూడొద్దు, ఒడ్డు వైపు సూడు. మహేంద్రగిరి ఏ తాటిసెట్టు ఎనక్కి వచ్చిందో సెప్తా ఉండు, లేపోతే మనకి దారి తప్పుద్ది అన్నాడు. దారి నా సేతిలో ఉందనుకున్నాను. ఏడుపెక్కడ? ఊపిరి తీసుకోడానికే కాళీ లేదు." వేటకి వెళ్ళేవాళ్ళు కొండనీ చెట్టునీ ఒక వరసలో చూసుకుని తామెక్కడున్నారో తెలుసుకుంటారు. ఆ లెక్క వాళ్ళ నాన్నకి నిద్దట్లో కూడా వస్తుందని, తన సాయం ఆయనకి అక్కర్లేదని ఆవిడకి చాలా ఏళ్ళకి గానీ తెలియలేదట. చెప్పి, నన్ను అడిగింది: "నా ఒడ్డు నాకు పనికొచ్చింది. నీకు పనికిరాలేదు. నీ ఒడ్డేదే?"

"నాకు ఒడ్డెక్కడిది సిస్టరూ? పొద్దున్నుంచి సాయంకాలం దాకా జీడిపిక్కలు, ఆడోళ్ళ గోల."

ఆవిడ తన సెలవురోజున, గురువారం, ఎండలో బస్సెక్కి మా షెడ్డుకి వచ్చేసింది. చంకలో పెద్ద టేపు రికార్డరు. మేస్త్రీ అడ్డంపడి, "ఇదేటండీ, సినిమా సూటింగా?" అంటే, "కాదు, మందు తయారీ. పక్కకి తప్పుకో" అంది. పనిలో మేం పాడుకునే పాటలు పట్టుకోవాలంది. మా వాళ్ళు ఐదు నిమిషాలు సిగ్గుపడ్డారు. ఆ తర్వాత ఆపడం ఎవరి తరం కాలేదు. పెడళ్ళ చప్పుడే దరువు. అప్పటికప్పుడు నామీద పాట కట్టారు:

"ఓలమ్మ ఈశ్వరీ ఒళ్ళెంత బరువే,
పిక్కల బస్తాలా పిల్లనెత్తుకున్నావే,
తులసయ్య ఎనకాల తట్ట మోత్తన్నాడే,
తట్టలో ఏటుందో తనకే తెల్దే!"

ఇన్నేళ్ళూ అందరినీ ఏడిపించినందుకు వడ్డీతో సహా తీర్చుకున్నారు. టేపు రెండువైపులా నిండిపోయింది.

ఆ వారం టెక్కలిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మా ఇంట్లో అన్నం ముద్ద పక్కన పెట్టి నవ్వుతారు. మంచమెక్కాను. బెల్టులు కట్టారు. సిస్టరు నా చెవులకి స్పాంజి బిళ్ళలు పెట్టి, "ఎవరెవరి గొంతు వినబడుతందో వరసగా సెప్పు. తప్పితే ఊరుకోను" అంది. కళ్ళు మూసుకున్నాను. పార్వతి గొంతు, దాని పక్కన నీలవేణి దగ్గు, ఆ వెనక మేస్త్రీ గొణుగుడు. చెప్తున్నాను, చెప్తున్నాను. కాసేపటికి నర్సింగ్‌హోము లేదు. పెంకు పగిలిన జీడి వాసన వచ్చింది నాకు. ఒట్టు, అబద్ధం కాదు. షెడ్డులో ఉన్నాను. షెడ్డులో ఉంటే కాలు ఊరుకుంటుందా? పాటకి తగ్గట్టు పెడలు తొక్కడం మొదలెట్టింది. మంచం చివర కమ్మీ దానికి పెడలు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. కడుపంతా ఊగింది. బెల్టు జారింది. మిషను చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

ఇదంతా తర్వాత తెలిసింది నాకు. నేను పాటలో పడ్డాక సిస్టరు ఏదో పనిమీద పక్క గదిలోకి వెళ్ళిందట. మిషనులోంచి వచ్చే కాగితం మీద గీత పడకపోవడం చూసి, కొత్తగా చేరిన నర్సు కేకపెట్టింది. డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. విశాఖపట్నం వెళ్ళడానికి కారు పిలవమని ఎవరో అరిచారు. వరండాలో తులసయ్య గోడకి తల ఆన్చి ఏడ్చాడట. ఇంత జరుగుతుంటే, నేను కళ్ళు మూసుకుని, చిరునవ్వు నవ్వుతూ, గంటకి ఇన్ని కేజీలని జీడిపిక్కలు కొట్టేస్తున్నాను. సరోజిని సిస్టరు వచ్చి మిషను వైపు చూడలేదు. నా కాలివైపు చూసింది. వచ్చి పాదం పట్టుకుంది. కాలు ఆగింది. రెండో చేత్తో బెల్టు జరిపింది. టకటకటకటక, మళ్ళీ గుర్రబ్బండి.

నేను కళ్ళు తెరిచేసరికి చుట్టూ పాలిపోయిన మొహాలు. "ఏటైంది? ఎవరు పోయారు?" అన్నాను, పాట జోరులో కాస్త గట్టిగానే.

"ఎవరూ పోలేదు. నువ్వు డ్యూటీ దిగు" అంది సిస్టరు. బీపీ చూసింది. నూట ఇరవై రెండు. ఆ గదిలో మామూలు బీపీ ఉన్నది నాకొక్కదానికే అని డాక్టరమ్మ అంది. జరిగింది చెప్పారు. నేను ఎంత భయపడతానో అని చూశారు. నాకు వేరే ఆలోచన వచ్చింది. చప్పుడు ఆగింది. ఆగినా బిడ్డ ఉంది. నేను వినకపోయినా అది కొట్టుకుంటూనే ఉంది, నా చెవులమీద ఆధారపడి లేదు. ఏడ్చాను అప్పుడు, ఆ మంచంమీద మొదటిసారి, ఒక్క జోకు కూడా లేకుండా. సిస్టరు మళ్ళీ నా పాదం పట్టుకుంది.

ఆ తర్వాత ఏ వారమూ బీపీ హద్దు దాటలేదు. వెళ్ళినప్పుడల్లా నా రెండు కాళ్ళమీదా తలగడ వేసి, "మిషనుకి లాకౌట్" అనేది. విశాఖపట్నం మాట మళ్ళీ రాలేదు. తొమ్మిదో నెల నిండాక, వానపడుతున్న ఒక మధ్యాహ్నం, ఆవిడ చేతుల్లోనే నాకు కూతురు పుట్టింది. తుడిచి, నా గుండెమీద పెట్టి, "ఏటే, సడీ సప్పుడూ లేదు? ఒక్క జోకైనా ఎయ్యవా?" అంది. "ఏటీ రావడం లేదు సిస్టరూ," అన్నాను. ఆవిడ నవ్వింది. తల వెనక్కి వాల్చి, తమలపాకు నమిలి ఎర్రబడ్డ పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. నా జీవితంలో అంత చిన్న మాటకి అంత పెద్ద నవ్వు ఎప్పుడూ రాలేదు.

నర్సింగ్‌హోము తర్వాత మూతపడింది. సిస్టరు తన ఊరికి వెళ్ళిపోయింది, అక్కడే కొన్నేళ్ళ కిందట పోయింది. నేను ఆవిడ దగ్గర నర్సు పని నేర్చుకోలేదు. బీపీ చూడడం ఇప్పటికీ రాదు. నేర్చుకున్నది ఒక్కటే. ఎవరైనా మరీ ఎక్కువ నవ్విస్తుంటే నవ్వడం ఆపి వాళ్ళ మొహం చూస్తాను. భయపడేవాళ్ళకి భయపడకని చెప్పను. వాళ్ళ ఒడ్డేదో వెతుకుతాను. దొరికితే అక్కడ వాళ్ళకొక పని చెప్తాను.

కిందటేడు తులసయ్యకి దవడపన్ను పీకించాల్సి వచ్చింది. ఎప్పుడూ నోరు విప్పని మనిషి కాశీబుగ్గ దాకా బస్సులో వాగుతూనే ఉన్నాడు. నాకు అర్థమైంది. కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరు నోరు తెరిపించాక, నేను పక్కన నిలబడి ఆయన కొబ్బరితోట లెక్క చెప్పడం మొదలుపెట్టాను, కావాలనే తప్పుగా. "బావి పక్కన నాలుగు సెట్లు కదా మావా?" ఆయన కోపంగా ఐదు వేళ్ళు చూపించాడు. "దిబ్బమీద వేసినవి రెండూ పోయాయి గదా?" తల అడ్డంగా ఊపబోతే డాక్టరు పట్టుకున్నాడు. "ఉత్తరం గట్టున ఆరు." ఆ మాటకి ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. రెండు చేతులూ ఎత్తి వేళ్ళు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. అప్పటికే పన్ను గిన్నెలో ఠంగుమని పడింది. అయిపోయింది, లెగండని డాక్టరు అన్నాడు. తులసయ్య లేవలేదు. నోట్లో దూది కుక్కుకునే నావైపు తిరిగి, "ఏడే! గట్టున ఏడు సెట్లు. ఆ సివరిది నువ్వు పాతిందే గదేటే!" అన్నాడు.