మంత్రి వద్దు, ఏనుగు చాలు

మా వదిన రేగుంట నుంచి కాపురానికి వస్తూ చదరంగం కూడా వెంట తెచ్చుకుంది. నాకు ఆట నేర్పింది ఆమే, నేర్పిన రోజు నుంచి ఓడిస్తున్నదీ ఆమే. పొయ్యి మీద కూర మాడుతున్నా నన్ను ఓడించాకే లేచేది. ఒక్కసారైనా, అదీ నలుగురి ముందు, ఆమెను ఓడించాలని నా పంతం.

ఆ అవకాశం మొన్న సిరోంచలో, బడి హాల్లో పెట్టిన పోటీలో వచ్చింది. ఆడవాళ్లలో చివరికి మేమిద్దరమే మిగిలాం. మా అన్న ఎవరి వైపు కూర్చోవాలో తెలియక తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఆడిబిడ్డ అర్ధమొగుడంటరు. ఇయ్యాల ఆ సగం మొగుణ్ని సుత ఓడగొడ్త," అంది వదిన, గాజులు పైకి తోసుకుంటూ.

"జర ఆగు వదినా, ముందు ఆట కానియ్యి," అంటూ నా పావులు సర్దుకున్నాను.

చాలాసేపు ఆడాక ఆమెకు రాజు ఒక్కటే మిగిలింది. నాకు రాజూ, రెండు బంట్లూ. ఒక బంటు అంచు వెంబడి నడిచి అవతలి కొసకు చేరింది. మా ఇంటి పద్ధతిలో, బంటు ఏ వరుసలో కొసకు చేరితే ఆ వరుస మొదట్లో నిలిచే పావుగానే మారాలి. అంచు వరుస ఏనుగుది. నేను బుద్ధిగా ఏనుగును పెట్టాను.

వదిన ముఖం వాడిపోయింది. ఇంకొన్ని ఎత్తులకు ఆమె రాజు మూలకు చేరాడు. నా ఏనుగు పక్కకు వచ్చింది. ఆట కట్టు!

తీర్పరిగా కూర్చున్న మాస్టారు లేచి నిలబడ్డారు. "వజీర్‌ను పెడితే రాజుకు కదిలే జాగనే లేకుండె. చెక్ సుత లేదు, ఆట బరాబర్ అయిపోతుండె. ఏం దిమాగ్ మేడం!"

హాలంతా చప్పట్లు. మంత్రిని పెట్టొచ్చని నాకు తెలిస్తే కదా! నిజం చెప్పబోయాను. వదిన బల్ల కింద నా కాలు తొక్కింది.

"నేను నేర్పిన పిల్లనే సార్," అంది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో అడిగాను. "మంత్రిని పెట్టొచ్చని నీకెర్కనా వదినా?"

"ఎర్కనే. సారు రూల్సు చదివిండు గద! నువ్వు మంత్రిని వెడ్తవు, ఆట బరాబర్ అయితదని చూసే నా రాజును ఆడికి తీస్కపోయిన. నువ్వప్పుడు చాయ్ తాగవోయినవని నాకేమెర్క?" కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "తెలివిగల్లోళ్ల కోసం ఉచ్చు పన్నిన. ఇగ అండ్ల నువ్వెట్ల పడ్తవే!"

ఆటో అతను కూడా నవ్వాడు. గెలిచింది నేనే, కప్పు నా ఒళ్లోనే ఉంది. అయినా మళ్లీ వదిన చేతిలో ఓడినట్టే అనిపించింది, అదేమిటో ఆ ఓటమి కూడా సంతోషంగానే ఉంది.