సోమవారం స్టేషన్‌కు వెళ్లే తుపాకీ

మా పక్కింటి మామ శనివారం పొద్దున దవాఖానాలో పోయాడు. మా అమ్మ ఫోన్‌లో ఆ మాట చెప్పి, ఏడుపు ఆపుకుని, "తుపాకీ మాత్రం మంచిగనే ఉంది" అంది. ఊళ్లో అందరూ అడిగిన రెండో ప్రశ్న అదే కనుక ఆమెను తప్పుపట్టలేను.

పాఠకులు కంగారు పడకూడదు. ఆ తుపాకీ ఎవరినీ కాల్చలేదు. కాల్చడం దానికి చేతకాదు.

అది పుట్టడానికి కారకుణ్ణి నేనే. డిగ్రీలో చరిత్ర చదివే రోజుల్లో, పుస్తకంలో పాతకాలపు వత్తి తుపాకీ బొమ్మ చూపించి, "చూడు మామా, రగిలే తాడు చేతిల పట్టుకుని యుద్ధానికి పోయేటోళ్లంట. ఏం తెలివి" అని నవ్వాను. మామ నవ్వలేదు. ఆయన బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసినవాడు. ప్రతి షిఫ్టుకూ జేబులు వెతికించుకుని, అగ్గిపుల్ల కూడా లేకుండా భూమిలోకి దిగినవాడు. బొమ్మను చాలాసేపు చూసి, "నిప్పును పక్కన పెట్టుకుని బతికిండ్రంటె మనకన్న మొనగాళ్లు. చేసి చూపిస్త, అప్పుడు నవ్వు" అన్నాడు.

చేశాడు. పాత ద్వారబంధం టేకుతో తుపాకీ కట్టె చెక్కాడు. ఇనుప కడ్డీని నెలల తరబడి ఆకురాయితో రాకాడు. కడ్డీ లోపలంతా గట్టిదే, మూతి దగ్గర మాత్రం వేలి కణుపంత గుంట. వత్తిని పట్టుకునే పాము మెడలాంటి కొక్కేన్ని పదకొండుసార్లు చేసి పది పారేశాడు. "చూసేటోనికి తెల్వకపోయినా చేసినోనికి తెలుస్తది గద" అనేవాడు. మీట నొక్కితే రగిలే వత్తి మెల్లగా వంగి వచ్చేది. దాంతో బీడీ ముట్టించుకునేవాడు. ఆ ఆయుధం తన జీవితకాలంలో కాల్చినవి బీడీలు మాత్రమేనని ఇందుమూలంగా మనవి.

అడవి అంచు ఊళ్లలో పోలీసు సోదాలు జోరుగా సాగుతున్న కాలమది. కబురు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. ఎస్సై జీపు దిగాడు.

"ఏంది పెద్దమనిషీ ఇది?"

"వత్తి తుపాకీ సార్. నేనే చేసిన."

"పేలుతదా?"

"లోపల బొక్కనే లేదు. చీపురుపుల్ల పెట్టి చూడుండ్రి."

ఎస్సై నిజంగానే పెట్టి చూశాడు. పుల్ల విరిగింది. అయినా, "జీపుల పెట్టు. రెండు ముక్కలు కోయిస్తం, ఎవ్వరికీ రంది ఉండదు" అన్నాడు.

మామ చెయ్యి చాచాడు. "బిళ్ళ ఇయ్యిండ్రి."

"ఏం బిళ్ళ?"

"బావిల మా నంబరు బిళ్ళ ఇస్తెనే దీపం చేతికొచ్చేది సార్. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకునుడు. నా తుపాకీ తీసుకుంటె కాయితం రాసియ్యిండ్రి. ఎందుకు కోస్తున్నరో గూడ రాయుండ్రి."

పుల్ల దూరని కడ్డీని పట్టుకున్నామని సంతకం పెట్టడానికి ఎస్సైకి చెయ్యి రాలేదు. "ప్రతి సోమవారం స్టేషన్‌కు తెచ్చి చూపియ్. ఒక్క వారం తప్పినా లోపలేస్త" అని జీపెక్కాడు.

తప్పలేదు. ప్రతి సోమవారం, పామాయిల్ గెలల ట్రాక్టర్ల వెనక పాకే మొదటి బస్సులో మామా, తుపాకీ. దాన్ని బల్ల మీద పెట్టి, నిటారుగా నిలబడి "ఉన్నది సార్" అనేవాడు. ఆరు నెలలకు ఎస్సైకి విసుగొచ్చింది.

"ఇగ రాకయ్యా."

"గది గూడ రాసియ్యిండ్రి సార్."

రాయలేదు. ఆయన బదిలీ అయ్యాడు. తర్వాత ఇద్దరు ఎస్సైలు మారారు. మామ మారలేదు. "ఇంట్ల దాస్తె తప్పు చేసినట్టు. ఎదురుంగ పెడితె వాళ్లే తల తిప్పుకుంటరు" అన్నాడు నాతో. ఇవాళ ఏ ఆఫీసులోనైనా నన్ను ఊరికే పొమ్మంటే "రాసివ్వండి" అని నిలబడుతున్నాను. డిగ్రీ మూడేళ్లలో అంటని చదువు అది.

ఆదివారం మామను మట్టిచేసి వచ్చాక, స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ పరామర్శకు వచ్చాడు. మంచివాడే. టోపీ తీసి, మామ భార్యతో, "ఆయన పాయె. మీకెందుకమ్మా ఈ తిప్పలు, తుపాకీ మాకిచ్చెయ్యిండ్రి" అన్నాడు.

"కాయితం తెచ్చినవా అన్నా?" అంది అత్త.

తేలేదు.

మర్నాడు సోమవారం. స్టేషన్‌కు నేను తీసుకుపోతానంటే అత్త ఒప్పుకోలేదు. "నువ్వుండు అల్లుడా. ఆడికి పోయినంక నీకు నవ్వాగదు."

బస్సు కదిలింది. కిటికీ పక్కన అత్త నిటారుగా కూర్చుంది. కొంగు గాలికి ఎగిరి తుపాకీ మూతికి చుట్టుకుంటోంది. ఆమె సర్దుకోలేదు. రెండు చేతులూ తుపాకీ మీదే ఉన్నాయి.