ఎవరికి ఏమవుతారు?

మొన్న మా విజయనగరం ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా బల్ల మీద ఒక కాగితం పెట్టి, ఈ మూడింటిలో ఏది తీసుకుందామో చూసి చెప్పమని వెళ్లింది. మేము చేస్తున్న కొత్త సాఫ్ట్‌వేర్‌లో సమాచారమంతా దాచుకోవడానికి డేటాబేస్ కావాలి, దాన్ని అద్దెకిచ్చే సర్వీసులు మూడింటిని ఆ పిల్ల పక్కపక్కన గళ్లు గీసి పోల్చింది. వెతికితే ఎంత త్వరగా దొరుకుతుంది, అద్దె ఎంత, ఎక్కడైనా యంత్రం చెడితే సమాచారం గతేమిటి, అన్నీ వరసగా రాసింది. వంక పెట్టడానికేమీ లేని పని. అయినా ఆ గళ్ల వైపు చూస్తూ ఉండిపోయాను, కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. నా వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఏ కాగితం చూస్తే ఎవరు గుర్తొస్తారో మన చేతిలో లేదు.

నాకు గుర్తొచ్చినవాడు మా మావయ్య, అమ్మకు అన్నగారు. శ్రీకాకుళంలో మిషను బడి పంతులుగా పనిచేసి, ఆ ఉద్యోగం అయ్యాక కంప్యూటరు మీద మోజు పడ్డాడు. దాన్ని కొని తెచ్చిన రోజు వాన పడుతుంటే పెట్టెకు గొడుగు పట్టాడు, మా అత్త తడుస్తూ వెనకాల నడిచి వచ్చింది. ఆ సంగతి అత్త బతికున్నంతకాలం చుట్టాలందరికీ చెప్పి దెప్పిపొడిచేది, మావయ్య నవ్వి ఊరుకునేవాడు. ముప్పై దాటాక ఈ పని నేర్చుకున్న నేను మొదట కుదురుకున్నది ఆయన ముందుగదిలోనే.

మా వైపు నుంచి వలస పోయేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. గుజరాత్ రేవులకి, చెన్నై కట్టుబడి పనులకి, ఎక్కడెక్కడికో. దూరాన ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఇంటికి కబురు చేరడానికి దారి ఉండేది కాదు. అందుకని మావయ్య మా చర్చి పెద్దలతో మాట్లాడి, వలస పోయేవాళ్ల వివరాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. చర్చి వాళ్లే కాదు, ఎవరొచ్చినా రాసుకునేవాళ్లం. ప్రతివారికీ మా ఫోను నంబరు అచ్చేసిన చిన్న కార్డు ఇచ్చి జేబులో ఉంచుకోమనేవాళ్లం.

చేర్పించడానికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. మా ఆడవాళ్లు అప్పట్లో మొగుడి పేరు నోటితో పలికేవారు కాదు. పేరేమిటమ్మా అంటే సిగ్గుపడి పక్కనున్న పిల్లచేత చెప్పించేవారు, పిల్ల లేకపోతే రేషన్ కార్డు ముందుకి తోసేవారు. వాళ్ల నోటంట వచ్చేది "మా గుంట అయ్య" అనో, "మా అప్ప పెనిమిటి" అనో, అంటే మా పిల్ల తండ్రి, మా అక్క మొగుడు అని. మావయ్య ఆ మాటల్ని పారేయకుండా, పేరు పక్కన ఇంకో గడి పెట్టించి దానికి 'ఎవరికి ఏమవుతారు' అని పేరు పెట్టాడు. ఫలానా పిల్లకు తండ్రి, ఫలానా ఆమెకు మరిది, ఇలా ఎవరు ఎలా చెబితే అలా టైపు చేసేదాన్ని. మగవాళ్లూ అంతే, మా వైపు కూలీల జట్లలో ఒకరినొకరు బావా, మావా అనుకోవడమే గాని పేర్లు ఎవరడిగారు? అందుకే దూరం నుంచి వచ్చే ఫోన్లలో సగం ఆ గడి లేకపోతే తేలేవి కావు.

మా పిన్ని, అంటే అమ్మకీ మావయ్యకీ చెల్లెలు, నౌపడ దగ్గర ఉండేది. బాబాయి ఉప్పు మళ్లలో పనిచేసేవాడు. వానలు మొదలై మళ్లలో పని ఆగిపోతే గుజరాత్‌లో చేపల షెడ్డుకి పోయేవాడు. ఆయన వివరాలు రాయించినప్పుడు కూడా పిన్ని సొంత అన్నగారి ముందే నోరు విప్పక, పక్కనున్న తన కూతురు, మా చెల్లిచేత చెప్పించింది. మావయ్యకు తెలియని పేరా అది! అయినా చెల్లెల్ని ఆటపట్టించడానికి కావాలనే రెట్టించి అడిగాడు.

తరవాత ఒక తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేక మా కంప్యూటరు మూగదైపోయింది. ఫోన్లు వస్తున్నాయి, జవాబు చెప్పడానికి దారి లేదు. అది మావయ్యకు గుండెకోత అయింది. ఎక్కడ కరెంటు పోయినా ఆగని చోట దాచాలని పట్టుబట్టి, విశాఖపట్నంలో చదువుకున్న ఇంజనీరు కుర్రాణ్ని పిలిపించి, సర్వీసులు మూడింటిని పోల్చడం మొదలుపెట్టాడు. స్కేలు పెట్టి గళ్లు గీసుకుని, పరీక్షా పేపర్లు దిద్దినట్టు ఎర్ర సిరాతో మార్కులు వేసేవాడు. అన్నిటికంటే మంచిదని తేలిన సర్వీసు మా 'ఎవరికి ఏమవుతారు' దగ్గర మాత్రం మొరాయించింది. తలా ఒక తీరుగా చెప్పిన మాటలు, తలా ఒక యాస, దాంట్లో వెతకమంటే తెమలదు. పేరూ నంబరూ ఉంటే చాలు, లోకమంతా అలాగే నడుస్తోంది అన్నాడు ఇంజనీరు. ఆ మాట అప్పుడు ఎవరికీ తప్పుగా తోచలేదు. గడి తీసేశారు, కొత్త కార్డుల మీద మనిషికో నంబరు వేయించారు. అప్పటికే ఊరు విడిచి వెళ్లినవాళ్ల జేబుల్లో పాత కార్డులే ఉండిపోయాయి.

ఆ ఏడే బాబాయికి గుజరాత్‌లో జ్వరం తలకెక్కింది. ఆయన ఫోను అంతకుముందే నీళ్లలో పడి పాడైంది, గుర్తింపు కాగితాలు మేస్త్రీ దగ్గర ఉన్నాయి, ఆ మేస్త్రీ ఊళ్లో లేడు. పక్కనుండి చూసుకున్నవాడు సోంపేట వైపు మనిషి. నెలల తరబడి ఒకే కంచంలో తిన్నా బావా అని పిలవడమే గాని పేరు ఎరగడు. జేబులో కార్డు చూసి పొద్దున్నే మా నంబరుకి ఫోను చేశాడు. అప్పటికి ఫోన్లు ఎత్తే పని కొత్తగా పెట్టుకున్న అమ్మాయిది. పేరు తెలియదు, మాటిమాటికీ కూతుర్ని పేరుపెట్టి పిలుస్తున్నాడు, ఊరు నౌపడ పక్కనట, ఇంటోళ్ల గొంతు వినిపించండమ్మా అని బతిమాలాడట. ఆ అమ్మాయి వెతికింది. కూతురి పేరుతో ఎవరూ దొరకలేదు. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది, వివరాలు లేవని చెప్పి, వచ్చిన ఫోను సంగతి రాసి పెట్టింది.

తేలకుండా ఉండిపోయినవాటిని రోజూ సాయంత్రం చదవడం మావయ్యకు అలవాటు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని చదువుతూ, నౌపడ పక్కన మా చెల్లి పేరు చూశాడు. ఆ ముఖాన్ని నేను మరచిపోలేను. ఫోను చేస్తే అటునుంచి ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఎత్తారు. ముందురోజు మధ్యాహ్నందాకా మాట ఉందట, ఇంటిని తలుచుకుంటూనే ఉన్నాడట. అప్పటికే మట్టి చేసేశారు.

పిన్నికి కడచూపు దక్కలేదు. చివరి మాట కూడా దక్కలేదు, అది దక్కడానికి ఒక పూటంతా వ్యవధి ఉండగా దక్కలేదు. మావయ్య వెళ్లి ఆవిడ ముందు నేలమీద కూలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. పిన్ని అన్నగారి తల నిమిరి, "నువ్వేటి సేస్తావన్నయ్యా, పది మందికి మంచి సేద్దామనే గదా" అంది. తిట్టి ఉంటే ఆయన ఇంకొన్నాళ్లు బతికేవాడేమో అని నాకిప్పటికీ అనిపిస్తుంది. అన్నిటికంటే తక్కువ మార్కులొచ్చిన సర్వీసుకి మారిపోయి, తీసేసిన గడిని పాత కంప్యూటరులోంచి తెచ్చి మళ్లీ పెట్టించాడు. ఆ సాయంత్రం తరవాత ఆయన నవ్వగా నేను చూడలేదు.

షెడ్డులో పని కాలం ముగిశాక ఆ సోంపేట మనిషి బాబాయి సంచి పట్టుకుని పిన్ని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మావయ్యా, నేనూ అక్కడే ఉన్నాం. లోపలికి రమ్మన్నా రాక గుమ్మం దగ్గరే కూర్చుని, మెడలో సిలువ చూసి పాతిపెట్టాం, నాకు మీ ప్రార్థన రాదు, సేతులు కట్టుకుని నిలబడ్డాను అన్నాడు. తలొంచుకుని, "అమ్మా, తప్పుగా అనుకోకు. మా బావ పేరేటి? మట్టేసినాను గానీ పేరు తెల్దు నాకు" అని అడిగాడు.

అలవాటు కొద్దీ పిన్ని చెల్లి కోసం చుట్టూ చూసింది. చెల్లి బావి దగ్గరుంది. మావయ్య చెప్పబోతే చేత్తో వారించింది. కొంగు తల మీదికి లాక్కుని, బాబాయి పేరు, ఇంటిపేరుతో సహా, మెల్లగా పలికింది. ఆ గొంతులో ఆ పేరు అంతకుముందు మేమెవరమూ వినలేదు. ఆ తరవాతా వినలేదు.

ఇప్పుడు ఎవరి జేబులో వాళ్లకు ఫోనుంది, ఆ రాసుకునే పనే అక్కర్లేకుండా పోయింది. మా ఆఫీసులో పిల్లలు మొగుళ్లను హాయిగా పేరుపెట్టి పిలుస్తారు, నాకు అదే బాగుంటుంది, పలకకపోవడం వల్ల పిన్నికి ఏం మిగిలిందని? కానీ పక్కపక్క కుర్చీల్లో ఏళ్లతరబడి పనిచేసి, ఒకరి పేరు ఒకరికి ఇంటిపేరుతో సహా తెలిసి, ఒకరికొకరు ఏమీ కానివాళ్లను చూస్తుంటే దిగులేస్తుంది. మావయ్య పోయాడు, పిన్ని పోయింది. "ఒసే గుంటా" అని కేకేసే గొంతు ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు ఎక్కడ వెతికినా నా పేరు చటుక్కున దొరుకుతుంది.